నివేదికలో లేని పేరు

“కాఫీ చల్లారిపోతోంది నాయనా, తీసుకో,” అంది రబాబ్.

నాయెఫ్ కప్పుని బల్ల మీదే దూరంగా జరిపాడు. “అడిగింది ఇచ్చేదాకా, తప్పు చేసినవాళ్లని అప్పగించేదాకా ముట్టను. మన పద్ధతి మీకు తెలియంది కాదు.”

తెలుసు. వారం క్రితం ఈ ఆసుపత్రిలోనే ఇంకొకరికి రావాల్సిన రక్తం ఎక్కించడంతో అతను రాత్రింబవళ్లు పక్కనే ఉండి చూసుకున్న తల్లి చనిపోయింది. ముప్పై ఏళ్లుగా నర్సుగా ఉన్న రబాబ్‌కి విచారణ అప్పగించారు. ఈ పని ఇంకెవరికైనా పడితే బాగుండునని ఆమె వెయ్యిసార్లు అనుకుంది.

నాయెఫ్ చేతిలో పోలీసు ఫిర్యాదు ఉంది. అందులో రక్తం ఎక్కించిన విజ్దాన్ పేరుంది. ఇరవై మూడేళ్ల పిల్ల. ఆ రోజునుంచీ సరిగ్గా తిండి లేదు, గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

“వార్డులో ఇద్దరు ఉమ్ నాయెఫ్‌లున్నారు,” అంది రబాబ్. “మన ఆడవాళ్లని అసలు పేరుతో ఎవరు పిలుస్తారు? పెద్దకొడుకు పేరు ముందు ‘ఉమ్’ పెట్టి, వాడి అమ్మ అంటాం. రక్తం వచ్చింది రెండో ఆవిడకి.”

“మా అమ్మ పేరు పరాయి మగాళ్ల ముందు ఎత్తితే ఊరుకుంటానా?”

“ఊరుకోవు. పేరు రాసిన చేతిపట్టీ ఊడిపోతే మళ్లీ కట్టలేదు, రక్తం సంచి మీద పేరు సరిచూసుకోలేదు. అవి మా తప్పులే, రాశాను. కానీ విజ్దాన్ గుడ్డిగా ఎక్కించలేదు. ఉమ్ నాయెఫేనా అని అడిగింది. ఒకరు అవునన్నారు.”

“ఎవరు?”

“నివేదికలో పేర్లుండవు.”

పక్కనే కూర్చున్న సూపరింటెండెంట్ ఫవ్వాజ్ పెదవి విరిచాడు. “కాకిపిల్ల కాకికి ముద్దు. నర్సుల మీద విచారణకి నర్సుని వేస్తే ఇంతే. ఆ పేరు చెప్పకపోతే కేసు విజ్దాన్ మీదే సిస్టర్.”

“రెండు రాత్రులుగా కునుకు లేదు ఆ మనిషికి,” అంది రబాబ్ మెల్లగా. “కళ్లు మూతలు పడుతుంటే అవునన్నారు. అన్నట్టు గుర్తు కూడా లేదు.”

“డ్యూటీలో నిద్రా?” నాయెఫ్ గొంతు చించుకున్నాడు. “ఎవరో అన్నారని మీకెవరు చెప్పారు?”

“పక్క మంచం ఆవిడ చెప్పింది. కెమెరాలో నేనూ చూశాను.”

“మరి దాస్తారేం? నా తల్లిని మట్టిలో పెట్టొచ్చాను. మీకు ఆ మనిషి మీద జాలా?”

“జాలే. తెలిస్తే బతకలేడు... ఎవరైనా.”

“బతకొద్దు!” నాయెఫ్ లేచి తలుపు తీశాడు. విజ్దాన్ ఎదురుగా కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

 ఇద్దరినీ కాపాడాలని రబాబ్ వారం రోజులు నానా తంటాలూ పడింది. ఇక ఒక్కరినే కాపాడగలదు. వెళ్లి తలుపు మూసింది. నాయెఫ్ భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

“చెప్పండి. అవునన్నదెవరు?”

“నువ్వే నాయనా.”