ఈ దీవిలో ఉండవచ్చు

లండన్ హారోలో డాక్టరు క్లినిక్. జీపీ సర్జరీ అంటారక్కడ. స్రవంతి ఒళ్లోని కాగితాలు జారి కింద పడ్డాయి.

పక్క కుర్చీలోని పెద్దాయన వంగి ఏరాడు. కానీ వెంటనే ఇవ్వలేదు. కళ్లజోడు సవరించుకుని చదవసాగాడు.

"అవి ఆఫీసువి," అంది ఇంగ్లీషులో.

ఆయన కాగితం మీద ఆమె పేరు చూశాడు. తెలుగులో అన్నాడు.

"ఇందులో తిండి లెక్క సరిగ్గా లేదమ్మా."

స్రవంతికి చిరాకు వేసింది.

అది పసిఫిక్ సముద్రంలోని ఒక చిన్న దీవి మీద రిపోర్టు. యాభై ఏళ్ల కిందట అణుబాంబు పరీక్షల బూడిద ఆ దీవి మీద రాలింది. జనాన్ని ఖాళీ చేయించారు. మధ్యలో ఒకసారి వెనక్కి పంపి, మళ్లీ తరలించారు. ఇప్పుడైనా వాళ్లు అక్కడ ఉండొచ్చా, లేదా? లండన్‌లో ఆమె పనిచేసే కంపెనీ తేల్చాలి. గడువు శుక్రవారం.

"ఏం తప్పు అంకుల్?"

"సగం తిండి ఓడలో వస్తుందని రాశారు."

"అవును. బియ్యం, పిండి, డబ్బాల్లో చేపలు. సగం బయటి తిండి తింటే ఒంట్లో చేరే రేడియోధార్మిక సీజియం పరిమితి దాటదు."

"ఓడ రాకపోతే?"

"నెలకోసారి వస్తుంది. ఒప్పందం ఉంది."

"తుఫాను పడితే ఏం వస్తుందమ్మా? అప్పుడు మూడు పూటలా కొబ్బరే. మట్టిలో ఉన్న సీజియాన్ని ఆ చెట్టే లాగి కాయలో పెడుతుంది. పిల్లలు దాహమేసినా బోండాలే తాగుతారు."

"మీరు సైన్సు మాస్టారా?"

ఆయన కాగితం అంచున ఫోన్ నంబరు రాసి తిరిగిచ్చాడు.

"పంపేముందు ఒకసారి ఫోన్ చెయ్యి తల్లీ. ఐదు నిమిషాలు చాలు."

లోపల్నించి ఆమెను పిలిచారు.

స్రవంతి ఫోన్ చేయలేదు. మేనేజరు విజయభాస్కర్‌తో మాత్రం ఓడ మాట అంది.

"ఓడలు నడపడం మన పని కాదు స్రవంతీ. క్లయింట్ సగం అన్నారు, మనం సగం వేశాం. పంపేసెయ్."

శుక్రవారం రిపోర్టు వెళ్లిపోయింది. చివరి వాక్యం ఆమే రాసింది. 'ఈ దీవిలో మనుషులు ఉండవచ్చు.'

ఏడాది తిరిగేసరికి నలభై కుటుంబాలు అక్కడికి చేరాయి.

ఆ తర్వాత ఒక ఉదయం క్లయింట్ దగ్గర్నించి ఈమెయిల్ వచ్చింది. ఓడ రాక తొమ్మిది వారాలైందట. జనం కొబ్బరితోనూ పీతలతోనూ నెట్టుకొస్తున్నారట. ప్రమాదం ఎంతో చెప్పమన్నారు.

స్రవంతి మళ్లీ లెక్క వేసింది. పట్టికలో పెద్దవాళ్ల వరస పూర్తిచేసింది. పిల్లల వరస దగ్గర కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా వెళ్లి వచ్చింది.

పాత కాగితాలు వెతికి ఆ నంబరుకి ఫోన్ చేసింది.

ఆయన భార్య జయలక్ష్మి ఎత్తింది. స్రవంతి తన పేరు చెప్పింది.

"ఆయన పోయి మూడు నెలలైందమ్మా. సర్జరీలో కలిసిన స్రవంతివేనా? ఫోన్ మోగినప్పుడల్లా నువ్వేనేమో చూడమనేవారు."

స్రవంతి అడిగింది.

"ఆంటీ, అంకుల్‌కి ఆ దీవి సంగతి అంత బాగా ఎలా తెలుసు?"



"మొదటిసారి జనాన్ని వెనక్కి పంపినప్పుడు అక్కడ ఉండొచ్చని సంతకం పెట్టింది ఆయనేనమ్మా, వాళ్లు నమ్మకపోతే నన్నూ ఏడాది పాపనీ తీసుకెళ్లి ఆ దీవిలోనే కాపురం పెట్టారు."