అవతలి పక్షం

టపటపమని చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపించింది. లాయరమ్మకు ప్రాణం లేచివచ్చింది. మలుపు తిరిగి, రొప్పుతూ, రొట్టెల కొట్టు పెద్దమ్మ ప్రత్యక్షమైంది.

“ఇంత ఆలస్యమా పెద్దమ్మా? ఇప్పుడే మన కేసు పిలుస్తారు!”

“తాళం పడ్డ కొట్టయినా, ఓసారి చూసుకోందే కాళ్లు కదలవమ్మా.”

పొగగొట్టం పొట్టిగా ఉందని నగర అధికారి ఆ కొట్టు మూయించాడు. నోటీసు లేదు, సంజాయిషీ అడిగిందీ లేదు. కింది కోర్టు అతను చేసింది సబబే అంది. ఈ అప్పీలూ ఓడితే ముప్పై ఏళ్ల పొయ్యి ఇక చల్లారినట్టే.

“ఆ అధికారి మీకు ముందే తెలుసా?”

“తెలియకేం! వాడి మొండితనం ఈనాటిదా?”

పాత కక్ష! లాయరమ్మ కళ్లు మెరిశాయి.

లోపల ఆమె గొంతు ఖంగుమంది. “ఆ వీధి నిండా పొట్టి గొట్టాలే. అయినా మొదటి తాళం ఈమె కొట్టుకే పడింది. ఇది పగ కాక మరేమిటి?”

న్యాయమూర్తి అధికారి వైపు తిరిగారు. “మొదట ఈమె కొట్టే ఎందుకు?”

అధికారి చెవులు ఎర్రబడ్డాయి.

“పోనీ, నోటీసైనా ఎందుకివ్వలేదు?”

“ఇస్తే ఆవిడ ఆఫీసుకొస్తుందండీ. వస్తే మాట్లాడుతుంది. మాట్లాడితే... నేను నెగ్గలేనండీ.”

హాలంతా గొల్లుమంది. పెద్దమ్మ నోటికి అరచెయ్యి అడ్డుపెట్టుకుంది.

“పగ రుజువు కాలేదు” అన్నారు న్యాయమూర్తి. “కానీ మనిషి మాట వినకుండా బతుకుతెరువు మూయడం చెల్లదు. ఉత్తర్వు రద్దు. కొట్టు ఈరోజే తెరవాలి. ఇకపై ఏ చర్యకైనా ముందు, ఈ అధికారి ఆమె చెప్పేదంతా వినాలి.”

“అంతానా అండీ?” అధికారి నీరుగారిపోయాడు.

“అంతా. మధ్యలో అడ్డు తగలకుండా.”

లాయరమ్మ గాల్లో తేలుతూ బయటికి వచ్చింది. గేటు దగ్గర, స్కూటరు పక్కన, ముఖం ముడుచుకుని అధికారి నిలబడి ఉన్నాడు.

“పెద్దమ్మా, ఓడిన ఉక్రోషంలో ఉన్నాడు. వెనక గేటు నుంచి వెళ్దాం, గొడవెందుకు?”

“వదులు తల్లీ. వినమని కోర్టే చెప్పిందిగా, ఇప్పుడే మొదలుపెడతా!”

పెద్దమ్మ విసవిసా నడిచి, అధికారి ఎదుట ఆగి, వంకరపోయిన అతని కాలరు సరిచేసి, స్కూటరు వెనక సీటెక్కి, వీపు మీద ఒక్కటి చరిచింది: “పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా అమ్మ మీద ఆ అలకేమిటి, ఇంటికి పద, చంటోడా!”