గుండీల డబ్బాలో ఉప్పు

“బీపీ దిగింది!” అంది పేటకొచ్చిన నర్సు.

“నా చప్పిడి కూర మహిమ,” అని దర్జీ పెళ్లాం మురిసిపోయింది.

దర్జీ లోలోపల నవ్వుకున్నాడు. అతను కుట్టుమిషను మీదే కుప్పకూలినప్పటి నుంచి ఆవిడ కూరలో ఉప్పు మానేసింది. అతనేమో గుండీల డబ్బాలో ఉప్పు దాచుకుని, ఆవిడ అటు తిరగగానే చల్లుకుంటున్నాడు.

నర్సు ఆ ఇరుకు గది గడప దాటగానే ఉండబట్టలేక డబ్బా తీశాడు. “పిచ్చిమొహమా, నీ కళ్లుగప్పి రోజూ ఉప్పు తింటూనే ఉన్నా!”

“ఏదీ, కాస్త నాలిక మీద వేసుకో.”

వేసుకున్నాడు. నోరంతా పిండి.

“ఒక్కసారే మారిస్తే పట్టేస్తావని, రోజూ చిటికెడు ఉప్పు తీసేసి బియ్యప్పిండి కలుపుతూ వచ్చా. ఇప్పుడందులో ఉన్నదంతా పిండే.”

దర్జీ డబ్బాకి మూత పెట్టేశాడు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, ఆవిడ చూస్తుండగానే డబ్బా తెరిచి కూర మీద చల్లుకున్నాడు.

“ఇవాళ ఉప్పు బాగా కుదిరిందే!”