ప్రోబు తిప్పి చూడు

ప్లాస్మా అనే విద్యుత్ వాయువును లోహపు రేకు దగ్గర కొలిచే ప్రోబు, ఉండాల్సిన దానికి రెట్టింపు రీడింగు మూడు నెలలుగా చూపిస్తోంది. నాలుగు ప్రోబులు మార్చినా అంతే. ధనశ్రీ పీహెచ్‌డీ వదిలేద్దామనుకుని అనకాపల్లి వచ్చి, మామ్మ బుల్లమ్మకి ప్రోబు సంగతి చెప్పుకుని ఏడ్చింది.

“అదెటేపు సూత్తందే?” అంది మామ్మ.

“ప్లాస్మా వచ్చే వైపే.”

“ఓపాలి తిప్పి సూడు.”

ధనశ్రీ ల్యాబ్‌లోని స్నేహితురాలికి ఫోన్ చేసి తిప్పించింది. రీడింగు సగానికి పడిపోయింది! ప్రోబులో లోపమే లేదు. రేకు వైపు దూసుకొచ్చే ప్లాస్మా ఇన్నాళ్లూ ప్రోబు ముఖానికే నేరుగా కొడుతోంది, అందుకే ఆ రెట్టింపు.

మామ్మను వాటేసుకుంది. “నీకెలాగ తెలిసింది మామ్మా?”

“నాకేటి తెల్దమ్మా. టీవీలో బొమ్మ రాకపోతే మీ తాత యాంటెనా తిప్పీవోడు. అప్పుడూ రాకపోతే టీవీ నెత్తిమీదొకటి కొట్టీవోడు. తర్వాత అదే సెబుదామనుకున్నాను.”