రెబ్కా ముఠాకి పాటల పెట్టె

"పాటల్లేకపోతే రేపట్నించి మేం రాం అక్కా," అంది రెబ్కా, తలగుడ్డ విప్పి దులుపుతూ.

ఖుర్షిదా తన చేను వైపు తిరిగి చూసింది. మిరపచేనంతా ఎర్రగా పండి, కొయ్యండి మహాప్రభో అంటోంది. పైన చూస్తే మబ్బు. ఒక్క వాన పడిందంటే బంగారంలాంటి కాయ తెల్లబడి తాలైపోతుంది. ఈ కోతల రోజుల్లో పర్చూరు చుట్టుపక్కల కూలీలు దొరకడం కన్నా ఎమ్మెల్యే దొరకడం తేలిక. ఉన్న ఒక్క ముఠాకీ పెద్ద రెబ్కా. ఆమె ఏ చేలో దిగితే ఇరవైమంది ఆడవాళ్ళూ ఆ చేలోనే.

"పాటలేంటే? మీరొచ్చింది కాయలు కొయ్యడానికా, కోలాటానికా?"

"పక్క చేను బాపయ్య గారు కబురంపారు. పాటల పెట్టె కొన్నారంట. కోసినంతసేపూ పెడతారంట."

"పాటలేగా, నేను పాడతాలే."

"నువ్వు పాడితే కాకులు కూడా రావక్కా." రెబ్కా ఆటో ఎక్కి కూర్చుంది. "మంచి సౌండుండాలి. తిరనాళ్ళ మైకులాగా గీ పెట్టేది తెచ్చావనుకో, అసలు ఆటోనే దిగం."

మర్నాడు కోత ఆపుకుని తల్లీకూతుళ్ళు పర్చూరు బయల్దేరారు. ఇంట్లో కూర్చునే కంపెనీ పని చేసే కూతురు మెహర్, బస్సులో కూడా ఫోన్లో రివ్యూలు చూస్తూనే ఉంది. వాట్లు, బేస్, బ్లూటూత్ అని ఏదేదో చెప్పింది. ఖుర్షిదాకి అర్థమైంది ఒక్కటే: బాగున్నవి చేతికందవు, చేతికందేవి బాగోవు. అచ్చం పెళ్ళి సంబంధాల్లాగే.

కొట్లో మెహర్ గుప్పెట్లో పట్టేది ఒకటి తీసింది. "ఇది చూడమ్మా, బుజ్జిగా ఎంత బాగుందో! క్లారిటీ సూపరంట."

"ఇది పాటల పెట్టా, చెవి దుద్దా? గట్టు మీద పెడితే కొంగ ఎత్తుకుపోద్ది."

కొట్టాయన ఇమ్మానియేలు నవ్వి, లోపల్నించి చక్రాల పెట్టె ఒకటి దొర్లించుకొచ్చాడు. "ఇది చూడు పిన్నీ. రంగురంగుల లైట్లు కూడా వెలుగుతాయి."

"పట్టపగలు చేలో లైట్లెందుకయ్యా? మిరపకాయలకి సీమంతమా?"

ఆయన పాట పెట్టాడు. కొట్టు అద్దాలు దడదడలాడాయి. మాట మాత్రం ఒక్కటీ అర్థం కాలేదు.

"ఈ పాడే ఆయన బిందెలో తలపెట్టాడేంటి?" అంది ఖుర్షిదా. "హుషారు పాట ఏ డబ్బాలో అయినా మోగుద్ది బాబూ. ఏడుపు పాట పెట్టు. అందులో తెలుస్తుంది దేని సత్తా ఎంతో."

మెహర్ తల్లి వైపు వింతగా చూసింది. ఇన్ని రివ్యూల్లో ఈ ముక్క ఎవడూ చెప్పలేదు.

మూడో పెట్టె నల్లగా, నిలువుగా, చంటిపిల్లంత ఉంది. లైట్లూ గియిట్లూ ఏం లేవు. ఏడుపు పాట పెట్టారు. పాడే ఆవిడ గొంతులో జీర కూడా తెలుస్తోంది. మధ్యలో ఊపిరి తీసుకోవడం తెలుస్తోంది. ఖుర్షిదా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రేటు చెప్పాక ఉన్న కాస్తా కారాయి.

"ఆన్‌లైన్‌లో తక్కువుందన్నా," అంది మెహర్.

"రిపేరొస్తే ఆ ఆన్‌లైనోడు మీ చేను గట్టుకొస్తాడా చెల్లెమ్మా?"

"నువ్వొస్తావా?" అంది ఖుర్షిదా.

ఇమ్మానియేలు కొంత తగ్గించాడు. పాటలెక్కించిన కార్డు ఊరికే ఇచ్చాడు. గట్టుకి రావడం గురించి మాత్రం ఏం మాట్లాడలేదు. పండక్కి అనుకున్న కొత్త చీర అక్కడే, ఆ కొట్లోనే, మనసులోంచి తీసేసింది ఖుర్షిదా.

సాయంత్రం రెబ్కాని చేలోకే పిలిపించి, పాట పెట్టి వినిపించారు. రెబ్కా నడుమ్మీద చెయ్యేసుకుని, పెళ్ళిచూపులకొచ్చిన అత్తలాగా తల అటు వంచి, ఇటు వంచి విన్నది.

"బాగుందక్కా. మాట మాటా తెలుస్తంది," అంది చివరికి. "పొద్దున్నే పెట్టెయ్. వింటా కోస్తాం."

ఖుర్షిదా ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

తెల్లారేసరికి తల్లీకూతుళ్ళు చేలో ఉన్నారు. గట్టు మీద స్టూలు, స్టూలు మీద పెట్టె, పెట్టె మీద గొడుగు. మెహర్ బటన్ నొక్కింది. పాట మంచులా చేనంతా పరుచుకుంది.

ఆటో రాలేదు. రెండో పాట అయిపోయింది. మూడోది కూడా అయిపోయింది. మబ్బు ఇంకాస్త కిందికి దిగింది.

"బ్యాటరీ ఇంకా తొంభై శాతం ఉందమ్మా," అంది మెహర్ ధైర్యం చెబుతున్నట్టు.

"కూలీలు ఎంత శాతం ఉన్నారో చూడవే!"

ఇక ఆగలేక ఖుర్షిదా చెంగు దోపుకుని రోడ్డెక్కింది. ఆటో కనిపించింది. బాపయ్య చేను ముందు. లోపల ముఠా మొత్తం సాళ్ళల్లో వంగి, తలలూపుకుంటూ చకచకా కోస్తోంది. గట్టు మీద బాపయ్య భార్య వెంకటేశ్వరమ్మ గ్యాసు పొయ్యి పెట్టుకుని ఏదో వేయిస్తోంది.

"ఏమే రెబ్కా!" ఖుర్షిదా కేకకి కొంగలు లేచాయి. "ఇదేనా మాటంటే? నా పెట్టె సౌండు బాగుందన్నావుగా!"

రెబ్కా నడుం నిలబెట్టి, నమిలేది మింగి, నవ్వింది.

"బాగుంది గాబట్టే వచ్చిందక్కా తంటా! నిన్న సాయంత్రం నీ పాట ఇక్కణ్ణించే మాట మాటా విని, బాపయ్య గారు తన పెట్టె కొట్లో వాపసిచ్చేసి, ఆ డబ్బుతో మాకు బజ్జీలు వేయిస్తన్నారు."