గచ్చు తుడిచే నీళ్లు

సంఘపెద్ద జ్ఞానయ్యను నేనీ జన్మలో క్షమించను. నేను సారా కాస్తున్నానని నలుగురిలో అనేసి, నాకిచ్చిన చర్చి చేపల చెరువు లీజు రద్దు చేయడానికి సాక్ష్యం వెతుకుతూ మా ఇంటికే వచ్చాడు.

వంటింట్లో డబ్బా మూత తిప్పాడు. బుస్సుమంది.

“బెల్లం ఊట! ఇప్పుడేమంటావు సాల్మన్?”

“గచ్చు తుడిచే నీళ్లండీ,” అంది మా ఆవిడ దానమ్మ. “నిమ్మతొక్కలు, బెల్లం వేసి మూడు నెలలు ఊరబెట్టానండీ. ఆకివీడు చేపల బజారు నుంచి ఈయన మోసుకొచ్చే నీచు ఇట్టే పోద్దండీ.”

ఆయన వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

“నిజమేనమ్మా. ఇది సారాకి పనికిరాదు. తుమ్మచెక్క పడలేదు.”

“తుమ్మచెక్క వేస్తారని మాకు తెలీదండీ,” అంది దానమ్మ మెత్తగా. “తమరికెలా తెలుసండీ?”

జ్ఞానయ్య మూత గట్టిగా బిగించాడు.

“చెరువు నీకే ఉంటుందిలే, సాల్మన్.”

అలా లీజు దక్కింది. వాళ్లింట్లో గచ్చు తుడవాలంటూ ఆయన పట్టుకుపోయిన రెండు లీటర్లు మాత్రం నాకు నష్టం.