సాఫ్తా దినం

మేయరు త్రిఫు మూడోసారి కూడా పెట్టె పీకించాడు.

ఊరి గ్రంథాలయం గుమ్మంలో ఉండేది అది. ఆడవాళ్ళు తాము కొన్న ప్యాడ్లలో ఒక ప్యాకెట్టు అందులో వేసేవారు. కొనలేని పిల్లలు తీసుకునేవారు. "నలుగురూ తిరిగేచోట పెట్టాల్సిన వస్తువులా ఇవి?" అన్నాడు త్రిఫు. ఆ పెట్టెలోంచి తీసుకునే డోయినా ఆ నెల నాలుగు రోజులు బడికి పోలేదు. ఇంకో ఆరుగురు ఆడపిల్లలూ అంతే.

ఆదివారం పూజ అయ్యాక చర్చి ఆవరణలో సాఫ్తా పేరున దినం భోజనం పెట్టారు. తీపి కలిపిన ఉడికిన గోధుమలు, క్యాబేజీ చుట్టలు, ప్లం సారా. మనిషికో కొవ్వొత్తి, ఒక తువ్వాలు. తువ్వాలు మడతలో ప్యాడ్ల ప్యాకెట్లు రెండు.

మగవాళ్ళకీ అవే.

"నాకెందుకమ్మా ఇవి?" అన్నాడు గంట కొట్టే మిటు.

"ఇంట్లో ముగ్గురు కూతుళ్ళున్నారుగా. పట్టు," అంది పంచుతున్న ముసలామె.

పట్టాడు. మా ఓల్ట్ ఏటి ఒడ్డు ఊళ్ళలో దినం నాడు చేతిలో పెట్టింది వద్దనకూడదు. ఇక్కడ ఎవరి పేరున ఇస్తే అవతలి లోకంలో అది వాళ్ళకు చేరుతుంది. వద్దంటే చేరదు.

త్రిఫు విసురుగా వచ్చాడు.

"సిగ్గులేదూ? సాఫ్తాకి ఎనభై ఒకటి. ఆ వయసుకి ఇవి దేనికి?"

"పదమూడేళ్ళ సాఫ్తా ఒకతి ఉండేది," అంది ముసలామె. "మొక్కజొన్న పొట్టు గుడ్డలో కుట్టి పెట్టుకుని బడికెళ్ళింది. బెంచీ మీద మరకైంది. అందరూ నవ్వారు. మళ్ళీ బడి మొహం చూడలేదు. ఇవి ఆ పిల్లకి. చెయ్యి చాపు."

"ఫాదర్, మీరైనా చెప్పండి!"

ఫాదర్ సాంబ్రాణి గిన్నె ఊపడం ఆపలేదు. "తీసుకో నాయనా. దినం వస్తువు."

ఊరంతా చూస్తోంది. త్రిఫు చెయ్యి చాపాడు. చెవులు ఎర్రబడ్డాయి.

డోయినా, ఆ ఆరుగురూ రెండోసారి కూడా వరసలో నిలబడ్డారు. ముసలామె మళ్ళీ ఇచ్చింది.

"సరే, ఇవాళ్టికి నీ మాట నెగ్గింది," పళ్ళు కొరికాడు త్రిఫు. "దినం రోజూ రాదుగా. వచ్చే నెల ఏం చేస్తావో చూస్తా."

"వచ్చే నెలా పెడతా, ఆ పై నెలా పెడతా," అంటూ, బతికుండగానే తమ దినం తామే పెట్టుకునే మా ఊరి ముసలివాళ్ళందరిలాగే, సాఫ్తా తన భోజనానికి తనే కూర్చుంది.